తోపు చివర కెమెరాకి కరెంటు ఎట్లా వస్తుంది? ఒక్క నెట్ వైరులో డేటా, పవరు రెండూ



అడవి పందుల మీద పెట్టిన వీడియో చూసి ఎక్కువ మంది రైతులు అడిగింది పందుల గురించి కాదు. "గెనిమ మీద స్తంభానికి కెమెరా ఉంది, దానికి కరెంటు యాడ నుంచి ఇచ్చినారు? ఒక్క సన్న వైరే కనపడతా ఉంది" అని అడిగారు. ఫోన్లో చెప్తే అయిపోయే విషయం కాదు. అందుకని ఈ వీడియో, దాంతోపాటు ఈ వ్యాసం. వీడియోలో వైరు కోసి, ప్లగ్ బిగించి చూపించాను. లోపల ఏం జరుగుతుందనేది వీడియోలో కనపడదు కాబట్టి అది ఇక్కడ రాస్తున్నాను.

మాది పుత్తూరు దగ్గర మామిడి తోపు. చెట్ల మధ్యలో శెనక్కాయ, కంది, అలసంద. మోటారు షెడ్డు రోడ్డు వైపు ఉంది. అక్కడి నుంచి కొండ వైపు గెనిమ దాకా 80 మీటర్లు. పందులు దిగేది కొండ వైపు నుంచే. రసాయనాలు వెయ్యని మట్టిలో వానపాములు ఎక్కువ కదా, పందులకి అవి కూడా మంచి మేతే. మనం జీవామృతం పోసి పెంచితే అవి వచ్చి తవ్వుకుని పోతాయి. మా లైనుకి త్రీఫేజు పగలు తొమ్మిది గంటలే, పందులేమో రాత్రి వస్తాయి. షెడ్డులో బ్యాటరీ పెట్టుకోవచ్చు. కానీ అక్కడి నుంచి కెమెరాకి నెట్ వైరు ఒకటి, కరెంటు వైరు ఒకటి వేరువేరుగా లాగాలంటే ఖర్చూ రెండింతలు, ఎలుకలు కొరికే చోట్లూ రెండింతలు. ఈ రెండు పనులూ ఒకే నెట్ వైరుతో చేసేదే పీఓఈ. పవర్ ఓవర్ ఈథర్నెట్ అంటారు.

ఇదేమన్నా కొత్త విద్యా అంటే, కాదు. ఇంట్లో ల్యాండ్‌లైను ఫోను ఉన్నవాళ్లు గుర్తు చేసుకోండి. ఊరంతా కరెంటు పోయినా ఫోను మోగేది. దానికి ప్లగ్గూ లేదు, సెల్లూ లేదు. ఎక్స్ఛేంజిలో ఉన్న 48 వోల్టుల బ్యాటరీల నుంచి, మాట వచ్చే ఆ రెండు తీగల మీదే కరెంటు కూడా వచ్చేది. నెట్ వైరు మీద నడిచే ఫోన్లు వచ్చినప్పుడు ఈ సౌకర్యం పోయింది. ప్రతి ఫోనుకీ ఒక అడాప్టరు కావాల్సి వచ్చింది. సిస్కో కంపెనీ 2000లో తన సొంత పద్ధతిలో నెట్ వైరులోంచే పవరు ఇచ్చింది. ఆ తర్వాత అన్ని కంపెనీల సామాన్లూ ఒకదానితో ఒకటి కలవాలని ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణం తెచ్చింది. మన కెమెరా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండేది ఆ నంబరే. దాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

48 వోల్టులే ఎందుకు?

చాలామంది దగ్గర 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కెమెరా మీద కూడా 12 వోల్టులు అనే రాసి ఉంటుంది. అట్లాంటప్పుడు 12 వోల్టులనే వైరులో పంపిస్తే పోతుంది కదా అని మా పక్క తోపు మామ అడిగినాడు. "ఏమప్పా, పన్నెండుకి పన్నెండు సరిపోయె, మధ్యలో నలభై ఎనిమిది ఎందుకు?" అని. "మామా, నీ డ్రిప్పులో మెయిన్ పైపు పొడుగైతే చివరి లేటరల్లో నీళ్లెట్లా వస్తాయి?" అన్నాను. సన్నపైపులో ఎక్కువ నీళ్లు పంపితే రాపిడికే ప్రెషరు అయిపోతుంది. వైరులోనూ అంతే.

లెక్క చూద్దాం. నెట్ వైరులో ఎనిమిది సన్న తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. ఒక జత మీద కరెంటు పోయి ఇంకో జత మీద తిరిగొస్తే, 80 మీటర్లకి రానూపోనూ మొత్తం సుమారు 10 ఓముల నిరోధం అనుకోండి. రాత్రి కెమెరా 6 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల మీద 6 వాట్లంటే అర ఆంపియరు. అర ఆంపియరు 10 ఓముల గుండా పోతే దారిలోనే 5 వోల్టులు పోతాయి, కెమెరా దగ్గర మిగిలేది 7. అది చాలదు. అదే 48 వోల్టులతో పంపితే 6 వాట్లకి ఆంపియరులో ఎనిమిదో వంతు చాలు. దారిలో పోయేది ఒకటింపావు వోల్టు మాత్రమే. వేడి రూపంలో పోయే నష్టం చూస్తే మొదటిదాంట్లో రెండున్నర వాట్లు, రెండోదాంట్లో వాటులో ఆరో వంతు కూడా లేదు. వోల్టేజి నాలుగు రెట్లు పెంచితే నష్టం పదహారో వంతుకి పడిపోతుంది. మన ఊరి ట్రాన్స్ఫార్మరు దాకా 11 వేల వోల్టులు తెచ్చి, చివర్లో తగ్గించి మోటారుకి ఇచ్చేది కూడా ఈ లెక్క ప్రకారమే. పీఓఈ కెమెరా లోపల కూడా ఒక చిన్న కన్వర్టరు ఉంటుంది. వచ్చిన 48ని దించి తనకు కావాల్సిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చుకుంటుంది.

ఇందులో మన రైతులకి తెలియాల్సిన గుర్తు ఒకటుంది. 12 వోల్టులు దూరం లాగిన చోట కెమెరా పగలు ఎట్లనో నడుస్తుంది. పొద్దు పోయాక, చీకట్లో చూడటానికి దాని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగిన మరుక్షణం ఆగిపోతుంది. ఆగగానే లోడు తగ్గి వోల్టేజి లేస్తుంది, మళ్లీ ఆన్ అవుతుంది, లైట్లు వెలుగుతాయి, మళ్లీ ఆగుతుంది. తెల్లవార్లూ ఇదే ఆట. కెమెరా పోయిందని షాపుకి తీసుకెళ్తే టేబుల్ మీద అర మీటరు వైరుతో బ్రహ్మాండంగా నడుస్తుంది! పగలు బాగుండి రాత్రి పడిపోయే కెమెరా కనిపిస్తే ముందు వైరులో వోల్టేజి చూడండి, కెమెరాని తర్వాత అనుమానించండి.

ఒకే తీగ మీద డేటా, పవరు కలిసిపోవా అనే అనుమానం కూడా వస్తుంది. కాలవలో నీళ్లు నిదానంగా పారుతుంటాయి, ఆ నీళ్ల మీదే గాలికి అలలు పరిగెడతాయి. పారుదల వేరు, అలలు వేరు. పవరు డీసీ, అంటే నిలకడగా పారే కరెంటు. డేటా అంటే జతలోని రెండు తీగల మధ్య సెకనుకి కోట్ల సార్లు మారే తేడా. రెండు కొసల్లోనూ చిన్న ట్రాన్స్ఫార్మర్లు ఉంటాయి. మారే తేడాని అవి అవతలికి దాటిస్తాయి, డీసీని దాటనివ్వవు. జతలోని రెండు తీగల్లోనూ ఒకే దిక్కుకి సమంగా వచ్చిన డీసీని ఆ ట్రాన్స్ఫార్మరు చుట్ట నడిమి నుంచి పక్కకు తీసి కన్వర్టరుకి ఇస్తారు. అంతే.

ముందు అడుగుతుంది, తర్వాతే ఇస్తుంది

ఇంట్లో గోడకున్న ప్లగ్గులో ఎప్పుడూ 230 వోల్టులు ఉంటాయి. మిక్సీ పెట్టినా, పిల్లాడు మేకు పెట్టినా ఒకటే. ప్రమాణం ప్రకారం చేసిన పీఓఈ స్విచ్‌ది అట్లాంటి గుణం కాదు. ఖాళీ పోర్టులో 48 వోల్టులు నిలబడి ఉండవు. వైరు పెట్టగానే అది మొదట చిన్న వోల్టేజి, సుమారు 3 నుంచి 10 లోపల, రెండు వేర్వేరు స్థాయిల్లో పంపి, ఎంత కరెంటు పోతోందో కొలుస్తుంది. అవతలి కెమెరాలో కావాలనే ఒక గుర్తు పెట్టి ఉంటారు, 25 వేల ఓముల నిరోధం. స్విచ్ కొలిచినప్పుడు 19 వేలకీ 26న్నర వేలకీ మధ్య వస్తే "ఇది మన పీఓఈ సామానే" అని ఒప్పుకుంటుంది. 15 వేల కన్నా తక్కువ వచ్చినా, 33 వేల కన్నా ఎక్కువ వచ్చినా ఇవ్వకూడదని నియమం. మామూలు ల్యాప్‌టాప్ పెడితే దాంట్లో ఆ గుర్తు ఉండదు, కాబట్టి పవరు ఇవ్వదు, డేటా మాత్రం నడుస్తుంది. ల్యాప్‌టాప్ కాలిపోకుండా కాపాడేది ఈ కొలతే.

గుర్తు దొరికాక రెండో ప్రశ్న. "నీకెంత కావాలి?" ఈసారి 15న్నర నుంచి 20న్నర వోల్టుల మధ్య ఇచ్చి, అవతలిది ఎంత కరెంటు లాగుతుందో చూస్తుంది. 9 నుంచి 12 మిల్లీఆంపియర్లు లాగితే క్లాసు 1, అంటే నాకు 3.84 వాట్లు చాలు అని అర్థం. 17 నుంచి 20 లాగితే క్లాసు 2, 6.49 వాట్లు. 26 నుంచి 30 అయితే క్లాసు 3, 12.95 వాట్లు. 36 నుంచి 44 అయితే క్లాసు 4, 25.5 వాట్లు. ఏమీ చెప్పకుండా ఊరుకునేవి క్లాసు 0. వాటిని క్లాసు 3తో సమానంగా లెక్కేస్తారు. మాటల్లేవు, సైగలే. సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ఎద్దుల బేరం ఆడినట్టు ఉంటుంది.

ఆ తర్వాతే 44 నుంచి 57 మధ్య అసలు వోల్టేజి వదులుతుంది. అది కూడా ఒక్క దెబ్బకి ఎక్కువ కరెంటు పోకుండా పట్టి పట్టి ఇస్తుంది. ఇచ్చి ఊరుకోదు, కాపలా కాస్తుంది. కెమెరా కనీసం 10 మిల్లీఆంపియర్లయినా తీసుకుంటూ ఉండాలి. పారకో, పందికొక్కో వైరు తెంపితే ఆ కరెంటు ఆగిపోతుంది. ఆగిన అర సెకను లోపలే స్విచ్ ఆ పోర్టుకి పవరు తీసేస్తుంది. తడిసిన మట్టిలో తెగిన కొసలో ప్రాణాంతకమైన కరెంటు మిగలదు. ఎక్కువ లాగినా, షార్టు అయినా సెకనులో పదో వంతు కూడా పట్టకముందే కట్ చేస్తుంది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పందుల కోసం కంచెకి నేరుగా కరెంటు తగిలిస్తే ఏనుగులు, మనుషులు చచ్చిపోయిన వార్తలు మనమందరం చదివినవే. రాత్రిపూట సొంత చేనుకి నీళ్లు కట్టడానికి పోయినవాళ్లే పోయారు. ఆ తీగకి ఎవరు తగిలారని అడిగే తెలివి లేదు. పంది అయినా, పక్కింటి పిల్లాడైనా ఒకటే. అది నేరం కూడా, విద్యుత్ చట్టం కిందా, వన్యప్రాణి రక్షణ చట్టం కిందా. నేను పందుల్ని చంపను, వస్తున్నాయని తెలిస్తే చాలు. కెమెరా చూసి ఫోనుకి కబురు పంపితే లైటు, హారను వేస్తాను. ఆ పనికి 60 వోల్టులు దాటని డీసీ, అది కూడా అడిగి, కొలిచి ఇచ్చేది చాలు. కంచెకి తగిలించే 230 వోల్టులకీ, దీనికీ ఉన్న తేడా ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.

అడగకుండా ఇచ్చేవి కూడా ఉన్నాయి, జాగ్రత్త

మార్కెట్లో 'పీఓఈ' అని రాసి అమ్మేవన్నీ ఇట్లా అడగవు. 'ప్యాసివ్ పీఓఈ' అని ఒక రకం ఉంది. ఒక అడాప్టరు, దానికో చిన్న డబ్బా. 24 వోల్టులో 48 వోల్టులో నేరుగా వైరులోకి తోసేస్తుంది. గుర్తు చూడదు, క్లాసు అడగదు, తీసెయ్యడం కూడా తెలియదు. వైర్‌లెస్ లింకు పరికరాలతో వచ్చేవి చాలావరకు 24 వోల్టుల ప్యాసివ్. వాటితో పాటు డబ్బాలో వచ్చిన దాన్ని వాటికే వాడుకుంటే తప్పేం లేదు, బాగానే నడుస్తాయి. కలగలిపినప్పుడే కొంప మునుగుతుంది. మా వైపే ఒక రైతు 24 వోల్టుల వైర్‌లెస్ డబ్బాకి, షాపులో ఇచ్చిన 48 వోల్టుల ప్యాసివ్ ఇంజెక్టరు పెట్టాడు. రెండింటి మీదా పీఓఈ అనే ఉంది. పెట్టిన నిమిషంలో పొగ. షాపు వాళ్లు పిడుగు పడిందన్నారట. మబ్బే లేదు ఆ రోజు.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రమాణం ప్రకారం చేసిన కెమెరా ఏ జతల మీద వచ్చినా, ప్లస్సు మైనస్సు తిరగబడి వచ్చినా తీసుకోవాలి. లోపల దానికి డయోడ్లు పెడతారు. ప్యాసివ్‌లో సాధారణంగా నీలం జత ప్లస్సు, గోధుమరంగు జత మైనస్సు. ప్లగ్ బిగించేటప్పుడు రంగులు తారుమారైతే అడ్డుకునేది ఏమీ ఉండదు.

కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటే. స్విచ్ మీదా, కెమెరా మీదా రెండింటి మీదా 802.3ఏఎఫ్ అనో, 802.3ఏటీ అనో ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. '48 వోల్ట్ పీఓఈ' అని మాత్రమే ఉండి ఈ నంబరు లేకపోతే, అది ప్యాసివ్ అనుకునే ముట్టుకోండి.

ఆ నంబర్ల తేడా కూడా చెప్పేస్తాను. 2003 నాటి ఏఎఫ్‌లో స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, కెమెరాకి 12.95 దక్కుతాయని లెక్క. మధ్యలో 2.45 వాట్లు ఎవరు తిన్నారు? వైరే. నూరు మీటర్ల పాత రకం వైరుకి 20 ఓములు, కరెంటు 0.35 ఆంపియర్లు అని వేసుకుని గుణించి చూడండి, సరిగ్గా 2.45 వస్తుంది. అంటే ఆఖరి మీటరు దాకా పోయే నష్టాన్ని ముందే తీసేసి చెప్పారన్నమాట. పదో తరగతి పిల్లలకి ఓమ్ సూత్రం చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు. 2009లో వచ్చిన ఏటీలో 30 వాట్లు ఇస్తే 25.5 దక్కుతాయి. తల తిప్పే కెమెరాలకి ఇది కావాలి. 2018లో వచ్చిన బీటీ నాలుగు జతల మీదా కరెంటు పంపి 90 వాట్ల దాకా ఇస్తుంది. మన తోటల్లో దాని అవసరం నాకు ఇంతవరకు కనపడలేదు.

స్విచ్ దగ్గర ఉండే బడ్జెట్టు

నాలుగు పోర్టుల స్విచ్‌కి అడాప్టరు 60 వాట్లదే ఉండొచ్చు. ఒక్కో కెమెరా తినేది 6 వాట్లు, నాలుగు పెడితే 24, కాబట్టి బోలెడు మిగులుతుందని అనుకుంటాం. కానీ కొన్ని స్విచ్‌లు తిన్న లెక్క చూడవు, అడిగిన లెక్క చూస్తాయి. కెమెరా క్లాసు 3 అని సైగ చేస్తే దాని పేరున 15.4 వాట్లు పక్కన పెట్టేస్తాయి. నాలుగు కెమెరాలకి 61.6. బడ్జెట్టు దాటింది కాబట్టి నాలుగోది వెలగదు! కెమెరా మంచిదే, వైరు మంచిదే, అయినా రాదు. ఇట్లాంటప్పుడు వాటి స్థానంలో క్లాసు 2 కెమెరాలు ఉంటే ఒక్కోదానికి 7 వాట్లే పక్కన పెడుతుంది, నాలుగూ హాయిగా నడుస్తాయి. కొంచెం మంచి స్విచ్‌లు నిజంగా ఎంత తింటోందో చూసి సర్దుతాయి. ఇంకా మంచివి, కెమెరా ఆన్ అయ్యాక డేటా ద్వారానే మాట్లాడుకుని వాటులో పదో వంతు దాకా లెక్క తేల్చుకుంటాయి.

బడ్జెట్టు చాలనప్పుడు చాలా స్విచ్‌లు చివరి నంబరు పోర్టులనే ముందు ఆపేస్తాయి. అందుకని ముఖ్యమైన కెమెరా, మాకైతే కొండ వైపుది, 1వ పోర్టులో పెట్టుకోండి. మోటారు షెడ్డు లోపల చూసేది చివర్లో ఉన్నా నష్టం లేదు.

సెట్టింగులు మార్చుకునే స్మార్ట్ స్విచ్ అయితే ఇంకో సుఖం ఉంది. ఫోన్లోంచే ఏ పోర్టుకి పవరు ఆపాలో, ఏ టైముకి ఇవ్వాలో చెప్పొచ్చు. కెమెరా బిగుసుకుపోతే ఆ పోర్టు ఆపి మళ్లీ వేస్తే చాలు, కొత్తగా లేచి కూర్చుంటుంది. రాత్రి పదకొండింటికి టార్చి పట్టుకుని గెనిమ మీద, పాముల మధ్య నడిచే పని తప్పుతుంది. ఈ ఒక్క కారణానికే నేను కొంచెం ఖర్చయినా అట్లాంటి స్విచ్ తీసుకోమంటాను.

వైరు దగ్గర కక్కుర్తి వద్దు

పైన చెప్పిన లెక్కలన్నీ రాగి తీగకి. తక్కువ ధరకి వచ్చే నెట్ వైరు చాలావరకు సీసీఏ, అంటే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. నిరోధం రాగి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. కరెంటు నడిస్తే వేడెక్కుతుంది, ప్లగ్ బిగించిన చోట పుటుక్కున తెగుతుంది. ఈ ప్రమాణాలేవీ అట్లాంటి తీగకి వర్తించవు. గుర్తుపట్టడం తేలిక. ఒక తీగని చాకుతో గీకండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. కట్ట చేతిలో పట్టుకున్నా తేలిగ్గా ఉంటుంది. వీడియోలో రెండూ పక్కపక్కన గీకి చూపించాను.

ఎండలో ఉండేదానికి నల్లటి పాలిథీన్ తొడుగున్న బయటి రకమే తీసుకోండి. ఇంట్లో వాడే తెల్ల వైరు మన ఎండకి తొందరగా పెళుసెక్కి పగిలిపోతుంది. నేను పాత డ్రిప్పు మెయిన్ పైపులోకి దూర్చి అడుగున్నర లోతులో పూడ్చాను. మోటారు త్రీఫేజు కేబులు ఉన్న గుంటలోనే దీన్ని వెయ్యకండి.

స్విచ్ నుంచి కెమెరాకి నూరు మీటర్లు హద్దు. 250 మీటర్లు వస్తుందని కొన్ని స్విచ్‌ల మీద రాసి ఉంటుంది. డేటా వేగం బాగా తగ్గించుకుని కొంతవరకు వస్తుంది, కానీ వైరు నిరోధం తగ్గదు కదా, పవరు లెక్క మీరే వేసుకోండి. అంతకన్నా దూరమైతే మధ్యలో ఎక్స్‌టెండరు పెట్టుకోవచ్చు. అది కూడా వచ్చిన పవరులోంచే కొంచెం తిని మిగతాది ముందుకి పంపిస్తుంది. లేదంటే ఫైబరు. మన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగింది. పక్కనే 11 కేవీ ఉన్నా దానికేం కాదు, ఎందుకంటే గాజుపోగులో కరెంటు పారదు, వెలుగే పోతుంది. మంచిదే, పిడుగు భయం కూడా తక్కువ. కానీ కరెంటు పారదు కాబట్టే కెమెరాకి కావాల్సింది దాంట్లో పంపలేం. ఇంట్లో ఫైబర్‌నెట్ బాక్సుకి అడాప్టరు పెడుతున్నది అందుకే. తోపు చివరి దాకా ఫైబరు వేస్తే అక్కడ ఇంకో సోలారు ప్లేటు, బ్యాటరీ పెట్టాలి.

రాగి వేసుకున్నవాళ్లకి పిడుగుల భయం ఉంది. దూరంగా పడినా పొడుగు వైరులో వోల్టేజి పుడుతుంది. రెండు కొసల్లోనూ పీఓఈకి పనికొచ్చే సర్జ్ ప్రొటెక్టరు పెట్టి, దాని ఎర్త్ తీగని నిజంగా భూమిలోకి దింపండి. ఎర్త్ లేని ప్రొటెక్టరు వట్టి డబ్బా. నేరుగా పిడుగు పడితే మాత్రం ఏదీ ఆగదు. వాన మబ్బు పట్టినప్పుడు నేను షెడ్డులో ప్లగ్గు పీకేస్తాను.

బ్యాటరీ ఎంత కావాలి?

రెండు కెమెరాలు పగలూ రాత్రీ కలిపి సగటున 5 వాట్ల చొప్పున 10, స్విచ్ తనకోసం 4, సిమ్ కార్డు రూటరు 6. మొత్తం 20 వాట్లు. రోజుకి 480 వాట్-అవర్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 40 ఏహెచ్. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికన్నా దింపకూడదు, 12ని 48కి పెంచడంలో కొంత నష్టం, కాబట్టి సుమారు 100 ఏహెచ్ పెట్టుకుంటే ఒక రోజుకి వస్తుంది. ఇంట్లో ఇన్వర్టరుకి వాడే 150 ఏహెచ్ అయితే ఒకటిన్నర రోజు. ప్లేటు లెక్కకి 140 వాట్లు చాలు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వరసగా ముసురు పట్టే రోజులుంటాయి, 200 వాట్లది పెట్టుకోండి.

బ్యాటరీ నుంచి ఇన్వర్టరుతో 230 చేసి, దానికి స్విచ్ అడాప్టరు పెట్టి మళ్లీ 48 చెయ్యకండి. రెండుసార్లు మార్చినందుకు రెండుసార్లు నష్టం, పైగా ఇన్వర్టరు ఖాళీగా ఉన్నా కొంత తింటూనే ఉంటుంది. 12 వోల్టులు నేరుగా తీసుకుని లోపలే 48కి పెంచే స్విచ్‌లు దొరుకుతాయి. సోలారు పీఓఈ స్విచ్ అని అడగండి. అది కూడా ఏఎఫ్, ఏటీ నంబరున్నదే. పగలు అవసరం లేని కెమెరాల పోర్టులు ఆపేసుకుంటే ముసురు రోజుల్లో బ్యాటరీ ఇంకొంచెం లాక్కొస్తుంది.

వానల తర్వాత వచ్చే విచిత్రం

దీని గురించి ఎక్కడా ఎవరూ చెప్పలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. వాన పడుతుంది. కెమెరా నడుస్తూనే ఉంటుంది. మర్నాడు ఎందుకో స్విచ్ ఒకసారి ఆపి వేస్తాం, అంతే, ఆ కెమెరా ఇక రాదు. వేరే పోర్టులో పెట్టినా రాదు. రెండు రోజులు ఎండ కాస్తే దానంతట అదే వస్తుంది! దయ్యం పట్టిందనుకునేవాళ్లూ ఉన్నారు.

జరిగేది ఇదీ. కెమెరా దగ్గర జాయింటులోకి చెమ్మ దిగింది. తీగల మధ్య సన్నగా లీకు, 30 వేల ఓములు అనుకోండి. నడుస్తున్నప్పుడు ఆ లీకులో పోయేది రెండు మిల్లీఆంపియర్లు కూడా ఉండదు, ఎవరికీ తెలియదు. స్విచ్ పవరు ఇచ్చాక మళ్లీ గుర్తు కొలవదు. కానీ ఆపి వేసినప్పుడు మొదటి నుంచి అడగాలి. కెమెరాలో ఉన్న 25 వేలు, పక్కనే లీకు 30 వేలు, రెండూ సమాంతరంగా కలిస్తే సుమారు 13,600. అది 15 వేల కన్నా తక్కువ. "ఇది నాకు తెలిసినది కాదు" అని స్విచ్ పవరు ఇవ్వదు. ఎండకి చెమ్మ ఆరితే లీకు పోతుంది, 25 వేలు కనపడతాయి, ఇస్తుంది.

అట్లా జరిగితే స్విచ్ మార్చకండి, కెమెరా మార్చకండి. కెమెరా తోక దగ్గరి జాయింటు విప్పి చూడండి. చాలా కెమెరాలతో పాటు ఒక రబ్బరు వాషరు, మర ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు. బిగించేవాళ్లు దాన్ని కవర్లోనే వదిలేసి టేపు చుట్టి పోతారు. ప్లగ్గు పిన్నుల మీద పచ్చగా చిలుము కనపడితే ఆ ప్లగ్గు కోసి కొత్తది వెయ్యండి, తుడిస్తే లాభం లేదు. తర్వాత ఆ తొడుగు పెట్టి బిగించి, జాయింటుని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, వైరు డబ్బాలోకి కింది వైపు నుంచి వచ్చేట్టు, డబ్బాకి ముందు ఒక వంపు వేలాడేట్టు కట్టండి. వైరు వెంబడి జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. వీడియోలో చివరి మూడు నిమిషాలు ఈ డబ్బా బిగించడమే ఉంది, మొబైల్లో చూస్తూ చేసుకోవచ్చు.